హోలోకాస్ట్ పాఠం తొమ్మిదో తరగతికి ఎలా చెప్పాలి: నాలుగు పీరియడ్ల ప్లాన్

నాజీజం పాఠంలో హోలోకాస్ట్ (హిట్లర్ నాజీ ప్రభుత్వం యూరప్‌లోని యూదుల్ని మూకుమ్మడిగా చంపడం) దగ్గరికి వచ్చేసరికి సోషల్ టీచర్లు ఏటా అవే మూడు ప్రశ్నలు అడుగుతారు. వీడియో చూపించొచ్చా? పిల్లలు "హిట్లర్ గ్రేట్ కదా సార్" అంటే ఏం చెప్పాలి? మన దగ్గర జరిగిన చుండూరు దళితుల హత్యల లాంటివి అదే క్లాసులో ఎత్తొచ్చా, ఎత్తితే గొడవవుతుందా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడే రాసేస్తున్నా. ప్రొజెక్టర్ లేని స్కూల్లో కూడా నడిచే పద్ధతే ఇది.

ఒక మాట ముందే చెప్పేస్తా. ఈ పాఠం చెడిపోయేది ఎక్కువగా ఒకే ఒక్క కారణంతో. పీరియడ్ మొత్తం హిట్లరే తినేస్తాడు. అతని బాల్యం, మీసం, ఉపన్యాసాలు, ఆత్మహత్య... ఇవన్నీ అయ్యేసరికి బెల్ కొడతారు, యూదుల సంగతి చివరి రెండు నిమిషాల్లో "60 లక్షల మందిని చంపేశాడు" అనే ఒక్క వాక్యంగా మిగులుతుంది. ఒక్కడే 60 లక్షల మందిని ఎలా చంపగలడు అని ఏ పిల్లాడూ అడగడు, మనమూ అడగం. అందుకే కింద చెప్పిన ప్లాన్‌లో హిట్లర్‌కి దక్కేది మొత్తం మీద పది నిమిషాలే.

ముందు ఇవి సిద్ధం చేసుకోండి

నాలుగు పీరియడ్లు కావాలి. సోమవారం మొదలుపెడితే మంచిది. బరువైన ఫొటోలు చూపించే క్లాసు శనివారం పడితే, ఆ టెన్షన్ అంతా పిల్లలు ఇంటికి మోసుకెళ్తారు, ఆదివారం అడగడానికి ఎవరూ ఉండరు.

యూరప్ మ్యాపు ఒకటి. చేత్తో గీసిన చార్టు అయినా చాలు, జర్మనీ, పోలండ్, హంగరీ, నెదర్లాండ్స్ కనిపిస్తే సరిపోతుంది.

ఏ4 కాగితాన్ని కత్తిరించి రాసుకున్న పది చీటీలు (ఏం రాయాలో రెండో మెట్టులో చెబుతాను). ఆరుగురేసి పిల్లలకు ఒక సెట్టు చొప్పున జిరాక్స్ తీయించండి.

రెండు మూడు ఫొటోలు. జెరూసలేంలోని యాద్ వషేమ్ (హోలోకాస్ట్ స్మారక కేంద్రం), వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియం వెబ్‌సైట్లలో దొరుకుతాయి. యూట్యూబ్‌లో వెతికి మొదట కనిపించిన వీడియో పెట్టకండి, అందులో సగం అబద్ధాలు, మిగతా సగం శవాలు.

ఖాళీ సుద్దముక్కల డబ్బా ఒకటి. మూతకి చిన్న కన్నం పెట్టండి. పేరు రాయకుండా ప్రశ్న వేయడానికి.

హెచ్ఎంకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. లెసన్ ప్లాన్‌లో కూడా రాసి పెట్టుకోండి, రేపు ఎవరైనా పేరెంట్ వచ్చి అడిగితే చూపించడానికి కాగితం ఉంటుంది.

1. మొదటి పీరియడ్: చావుతో మొదలుపెట్టకండి

మన పిల్లల్లో చాలామంది యూదుల్ని ఎప్పుడూ చూసి ఉండరు. (గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు మతం పాటించే తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి, ఆ సంగతి చెబితే క్లాసు ఒక్కసారి తల ఎత్తి చూస్తుంది.) కాబట్టి మొదటి ఇరవై నిమిషాలు యూదులంటే ఎవరో, జర్మనీలో ఎలా బతికేవాళ్లో చెప్పండి. 1933 నాటికి అక్కడ యూదులు సుమారు 5 లక్షలు, దేశ జనాభాలో ఒక శాతం కూడా లేరు. డాక్టర్లు, దర్జీలు, టీచర్లు, పేదవాళ్లు, డబ్బున్నవాళ్లు అందరూ ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ సైన్యంలో సుమారు లక్ష మంది యూదులు పనిచేశారు, 12 వేల మంది దాకా చనిపోయారు కూడా. ఈ చివరి విషయం బోర్డు మీద రాసి ఉంచండి, యూదులు దేశద్రోహులని నాజీలు చేసిన ప్రచారం దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

యుద్ధానికి ముందు తీసిన ఒక కుటుంబం ఫొటో చూపించండి. పెళ్లి ఫొటో, స్కూలు గ్రూప్ ఫొటో, ఏదైనా సరే. ఇది వదిలేస్తే పిల్లల మనసులో యూదు అంటే చారల బట్టలు వేసుకున్న బక్కచిక్కిన మనిషి అనే బొమ్మ ఒక్కటే పడుతుంది.

హిట్లర్‌కి ఇచ్చే పది నిమిషాలు ఇక్కడే ఇచ్చేయండి. 1932 జులై ఎన్నికల్లో నాజీలకు 37.3 శాతం ఓట్లు వచ్చాయి, నవంబర్‌లో 33.1కి తగ్గాయి. అయినా 1933 జనవరి 30న అతన్ని పిలిచి చాన్సలర్‌ని (మన ప్రధానమంత్రి లాంటి పదవి) చేశారు. అంటే అతన్ని కుర్చీలో కూర్చోబెట్టినవాళ్లు ఉన్నారు. అది చాలు, ముందుకు వెళ్లండి.

2. రెండో పీరియడ్: చీటీల వరుస

మొత్తం ప్లాన్‌లో ఇదే ముఖ్యం. ఏది వదిలేసినా ఇది వదలకండి.

చీటీల మీద తేదీలు లేకుండా ఈ పది రాయండి. (తేదీలు మీ దగ్గరే ఉంచుకోండి, బ్రాకెట్లో ఇస్తున్నా.)

యూదుల దుకాణాల్లో కొనొద్దని కాపలా (1933 ఏప్రిల్ 1). ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తొలగింపు (1933 ఏప్రిల్ 7). యూదులు జర్మనీ పౌరులు కారు, జర్మన్లతో పెళ్లిళ్లు నిషేధం (1935 సెప్టెంబర్ 15). యూదుల పాస్‌పోర్టులపై "జె" అక్షరం ముద్ర (1938 అక్టోబర్). ఒక్క రాత్రిలో ప్రార్థనా మందిరాలు తగలబెట్టి, సుమారు 30 వేల మంది మగవాళ్లను నిర్బంధ శిబిరాలకు తరలించడం (1938 నవంబర్ 9, 10). యూదు పిల్లల్ని ప్రభుత్వ బడుల నుంచి వెళ్లగొట్టడం (1938 నవంబర్ 15). ఇళ్లలో రేడియోలు లాక్కోవడం (1939 సెప్టెంబర్). ఆరేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ బట్టలపై పసుపు నక్షత్రం కుట్టుకోవాలి (1941 సెప్టెంబర్). జర్మనీ నుంచి రైళ్లలో తూర్పుకు తరలించడం మొదలు (1941 అక్టోబర్). పిల్లుల్నీ కుక్కల్నీ పెంచుకోకూడదు (1942 మే).

గుంపులుగా కూర్చోబెట్టి, ఏది ముందు జరిగిందో ఏది తర్వాతో పేర్చమనండి. పది నిమిషాలు ఇవ్వండి. దాదాపు ప్రతి గుంపూ పిల్లి, కుక్క చీటీని అన్నిటికంటే ముందు పెడుతుంది, చిన్న విషయం కదా, మొదట్లో జరిగి ఉంటుంది అనుకుంటారు. అది 1942 అని, అప్పటికే రైళ్లు కదిలాయని మీరు చెప్పినప్పుడు క్లాసులో ఒక రకమైన నిశ్శబ్దం వస్తుంది. తొందరపడి దాన్ని మాటలతో నింపకండి.

ఇప్పుడు అసలు పని. ఒక్కో చీటీ తీసుకుని ఒకే ప్రశ్న అడగండి: ఇది అమలు కావాలంటే ఎవరెవరు పని చేయాలి?

బడి నుంచి పిల్లల్ని వెళ్లగొట్టే చీటీ తీసుకోండి. మొదట "పోలీసులు" అంటారు. కాదు, స్కూల్లోకి పోలీసులు ఎందుకొస్తారు అనండి. "హెడ్మాస్టర్" అంటారు. ఇంకా? హాజరు పట్టీలో పేరు కొట్టేసేది ఎవరు? అప్పుడు అందరూ మీ టేబుల్ మీదున్న అటెండెన్స్ రిజిస్టర్ వైపు చూస్తారు. క్లాస్ టీచర్. ఆ రోజు పక్క బెంచీలో కూర్చున్న పిల్లలు? ఖాళీ అయిన సీట్లోకి జరిగి కూర్చున్నవాళ్లు? బోర్డు మీద ఈ పేర్లన్నీ రాస్తూ పోండి: గుమాస్తా, రైల్వే ఉద్యోగి, పసుపు గుడ్డ నేసిన మిల్లు, వేలంలో పక్కింటివాళ్ల సామాను చవగ్గా కొనుక్కున్నవాడు. పీరియడ్ అయ్యేసరికి బోర్డు నిండాలి. హిట్లర్ పేరు ఆ జాబితాలో ఒక మూలన ఉంటుంది.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. క్లాసుని నాజీలు, యూదులు అని రెండుగా విడగొట్టి నాటకం ఆడించకండి. పిల్లలకు పసుపు నక్షత్రాలు అంటించకండి. "అనుభవిస్తే తెలుస్తుంది" అని కొంతమంది ఉత్సాహంగా చేయిస్తుంటారు, కానీ జరిగేదేంటంటే నాజీ వేషం వేసినవాళ్లకు అది ఆటగా, మజాగా ఉంటుంది, ఇంట్లోనో ఊళ్లోనో నిజంగానే అవమానాలు పడుతున్న పిల్లకి మాత్రం క్లాసులో మళ్లీ అదే జరిగినట్టు ఉంటుంది. ఎవరి చేతా ఆ బాధ పడినట్టు నటింపజేయకుండానే చీటీల పని అదే ఫలితం ఇస్తుంది.

3. మూడో పీరియడ్: సంఖ్య, ఒక ఫొటో, ఒక పాల క్యాను

సంఖ్యతో జాగ్రత్త. పుస్తకాల్లో "6 మిలియన్లు" అని ఉంటే చాలామంది పిల్లలు 6 లక్షలు అని రాసుకుంటారు. బోర్డు మీద 60,00,000 అని సున్నాలతో సహా రాయండి. అందులో సుమారు 15 లక్షల మంది పిల్లలు. నాజీలు ఆక్రమిత పోలండ్‌లో నడిపిన ఆష్విట్జ్ శిబిరం ఒక్కదాంట్లోనే సుమారు 11 లక్షల మందిని చంపారు, వాళ్లలో 10 లక్షల దాకా యూదులు. అందరూ గ్యాస్ గదుల్లోనే చనిపోలేదు, ఇది కూడా బాగా కనిపించే పొరపాటు. 1941 సెప్టెంబర్ చివర్లో కీవ్ నగరం పక్కన బాబీ యార్ లోయలో రెండు రోజుల్లో 33,771 మందిని తుపాకులతో కాల్చి చంపారు. ఆ లెక్క చంపినవాళ్లే రాసి పై అధికారులకు పంపుకున్నారు. రోమా జనం (జిప్సీలని పిలిచేవాళ్లు), వికలాంగులు, సోవియట్ యుద్ధఖైదీలు కూడా లక్షల్లో చనిపోయారని ఒక వాక్యం చెప్పండి.

తర్వాత ఫొటో. నా సలహా ఆష్విట్జ్ ఆల్బమ్ అని పేరుపడ్డ వాటిలోంచి ఒకటి తీసుకోమని. 1944 వేసవిలో హంగరీ నుంచి రైళ్లలో తెచ్చిన యూదులు ప్లాట్‌ఫారం మీద దిగుతున్నప్పుడు తీసినవి. కొన్నిట్లో తల్లులు, పిల్లలు చెట్ల కింద కూర్చుని ఉంటారు, పక్కనే ఏముందో వాళ్లకి తెలియదు. రక్తం లేదు, శవం లేదు. పిల్లల్ని రెండు నిమిషాలు మాట్లాడకుండా చూడనివ్వండి. ఎంతమంది ఉన్నారు, చేతుల్లో ఏముంది, ఎటు చూస్తున్నారు అని అడగండి. చివర్లో మాత్రమే ఇది అడగండి: ఈ ఫొటో తీసింది ఎవరు?

ఖైదీల దగ్గర కెమెరా ఉండదు కదా. తీసింది శిబిరం నడిపిన ఎస్ఎస్ (నాజీల సాయుధ దళం) వాళ్లే. ఆ ఆల్బమ్ లిలీ జాకబ్ అనే అమ్మాయికి దొరికింది. తను కూడా ఆ రైళ్లలోనే వచ్చి, ఆష్విట్జ్ నుంచి వేరే శిబిరాలకు తరలి, విడుదలైన రోజుల్లో డోరా శిబిరంలో ఒక గదిలో బట్టల కోసం వెతుకుతుంటే బీరువాలో కనిపించింది. పేజీలు తిప్పితే అందులో తన ఊరివాళ్లు, తన ఇద్దరు తమ్ముళ్లు. 1980లో ఆమె దాన్ని యాద్ వషేమ్‌కి ఇచ్చేసింది. ఇది చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు.

శవాల గుట్టల ఫొటోలు మాత్రం వద్దు. చనిపోయినవాళ్లకూ పరువు ఉంటుంది, ఒంటి మీద గుడ్డ లేకుండా మన ఇంటి మనిషి ఫొటో ఎక్కడో క్లాసులో చూపిస్తే ఒప్పుకుంటామా? పైగా అలాంటివి చూశాక పిల్లల బుర్ర మూసుకుపోతుంది. ఎవరైనా నవ్వితే వెంటనే తిట్టకండి, పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు భయమేసినా నవ్వుతారు. ఆగి, "ఇబ్బందిగా ఉందా?" అని మామూలుగా అడిగి ముందుకెళ్లండి.

"మరి వాళ్లెందుకు తిరగబడలేదు సార్?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. రాకపోతే మీరే తెండి. 1943 ఏప్రిల్ 19న పోలండ్‌లోని వార్సా ఘెట్టోలో (యూదుల్ని నిర్బంధించిన పేట) తిరగబడ్డారు, అదే ఏడాది ఆగస్టులో ట్రెబ్లింకా శిబిరంలో, అక్టోబర్‌లో సోబిబోర్ శిబిరంలో ఖైదీలు తిరుగుబాటు చేశారు అని చెప్పండి. కానీ తుపాకీ పట్టుకున్నవాళ్ల గురించి మాత్రమే చెప్పి ఊరుకోకండి. వార్సా ఘెట్టోలో ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లమ్ అనే చరిత్రకారుడు కొన్ని పదుల మందిని కూడగట్టి రహస్యంగా కాగితాలు పోగేశాడు. రేషన్ కార్డులు, ట్రామ్ టికెట్లు, చాక్లెట్ రేపర్లు, బడి పిల్లల వ్యాసాలు, శిబిరం నుంచి తప్పించుకొచ్చినవాళ్లు చెప్పిన సంగతులు, ఏది దొరికితే అది. వాటిని రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి నేలలో పాతేశారు. పాతినవాళ్లలో డేవిడ్ గ్రాబర్ అనే 19 ఏళ్ల కుర్రాడు కూడా ఉన్నాడు, దీన్ని తవ్వి తీసే రోజు చూడాలని ఉందని రాసి అందులోనే పెట్టాడు. చూడలేదు. పెట్టెలు 1946లో, క్యాన్లు 1950లో బయటపడ్డాయి. మూడో భాగం ఇప్పటికీ దొరకలేదు. చాక్లెట్ రేపర్ ఎందుకు దాచారు అని క్లాసుని అడగండి, జవాబు మీరు చెప్పకండి.

4. నాలుగో పీరియడ్: ఎవరు గుర్తుంచుకుంటారు, ఎక్కడ

జర్మనీ వీధుల్లో పాదచారుల దారి మీద పది సెంటీమీటర్ల ఇత్తడి రాళ్లు కనిపిస్తాయి. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు మొదలుపెట్టాడు, ఇప్పుడు యూరప్ అంతటా లక్షకు పైగా ఉన్నాయి. "ఇక్కడ నివసించారు" అని, కింద పేరు, పుట్టిన ఏడాది, ఎక్కడికి తరలించారు, ఏమయ్యారు. వాళ్లు చివరిసారి తమ ఇష్టంతో ఉన్న ఇంటి ముందే ఆ రాయి పెడతారు.

ఇది చెప్పగానే మన పిల్లలు అడిగేది ఒకటే: "పేరు తొక్కుతారు కదా సార్?" కాలు పుస్తకానికి తగిలితేనే కళ్లకద్దుకునే పిల్లలు మరి. మ్యూనిక్ నగరం సరిగ్గా ఇదే కారణంతో పబ్లిక్ రోడ్ల మీద ఆ రాళ్లు పెట్టనివ్వలేదని, అక్కడి యూదు సమాజం పెద్దలే వద్దన్నారని చెప్పండి. వేరే ఊళ్లలో యూదు కుటుంబాలే అడిగి పెట్టించుకుంటున్నాయి. పది నిమిషాలు వాదించుకోనివ్వండి. తీర్పు చెప్పకండి.

ఇక మన సంగతి. నా వరకు దీన్ని దాటేయడం సరికాదు, ఎక్కడో జర్మనీలో జరిగిందని జాలిపడి ఇంటికెళ్లిపోయేదానికి నాలుగు పీరియడ్లు దండగ. కానీ ఎలా ఎత్తాలన్నదే ముఖ్యం.

చుండూరు తీసుకోండి. 1991 ఆగస్టు 6న, అప్పటి గుంటూరు జిల్లాలో, అగ్రకులాలవాళ్లు ఎనిమిది మంది దళితుల్ని చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. బాధితులు ఎక్కడో కోర్టు చుట్టూ తిరగలేమని పట్టుబడితే ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో అది 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. చనిపోయినవాళ్లను ఊరి మధ్యే ఖననం చేశారు, ఆ చోటుని రక్తక్షేత్రం అంటారు. తెలంగాణ టీచర్లైతే ఇంద్రవెల్లి తీసుకోవచ్చు. 1981 ఏప్రిల్ 20న గోండుల మీద పోలీసు కాల్పులు, ప్రభుత్వ లెక్కలో 13 మంది, జనం లెక్కలో ఇంకా చాలా ఎక్కువ. అక్కడి స్థూపాన్ని ఒకసారి పేల్చేస్తే మళ్లీ కట్టారు. రెండు చోట్లా అడగాల్సింది ఒకటే: గుర్తు ఎవరు నిలబెట్టారు, ఎవరికి ఇబ్బందైంది?

ఇక్కడ చేయకూడనివి. "ఇది మన హోలోకాస్ట్" అనకండి. ఒక జాతిని మొత్తంగానో కొంత భాగంగానో తుడిచిపెట్టాలనే ఉద్దేశంతో చేసే నేరం జాతిహత్య అని 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి ఒప్పందం చెప్పింది, ప్రతి దారుణాన్నీ అందులోకి తోసేస్తే దేని లెక్కా సరిగ్గా తేలదు. అలాగని "అంత పెద్దది కాదులే" అని తూకం వేయడమూ తప్పే. పేట నుంచి వచ్చిన పిల్లాడిని లేపి "నువ్వు చెప్పు" అనకండి, ఎప్పటికీ అనకండి. ఫలానా కులంవాళ్లు అంటూ క్లాసులో ఉన్న పిల్లల్ని వేలు పెట్టి చూపించినట్టు మాట్లాడకండి, చేసినవాళ్ల గురించి చెప్పండి, చేసిన పని గురించి చెప్పండి. మీ ఊళ్లోనే అలాంటిది జరిగి ఉంటే, ఇంకా కేసు నడుస్తుంటే, పక్క జిల్లాది తీసుకోండి. ఇది పిరికితనం కాదు, పిల్లలు సాయంత్రం నడిచి వెళ్లాల్సింది ఆ వీధుల్లోనే.

5. డబ్బాలో వచ్చే ప్రశ్నలు

నాలుగో రోజు చివరి పదిహేను నిమిషాలు డబ్బా తెరవండి. ఇవి దాదాపు ఖాయం.

"హిట్లర్ రోడ్లు వేశాడు, ఉద్యోగాలిచ్చాడు కదా?" కొలోన్ నుంచి బాన్‌కి వేసిన హైవే 1932లోనే, అతను రాకముందే తెరిచారు. నిరుద్యోగం తగ్గడంలో ఆయుధాల తయారీ, 1935లో తెచ్చిన నిర్బంధ సైనిక సేవ పెద్ద భాగం, ఉద్యోగాల నుంచి తీసేసిన యూదుల చోట్లలో వేరేవాళ్లు కూర్చున్నారు. ఆ రోడ్లున్న నగరాలే 1945 నాటికి రాళ్లకుప్పలు.

"నేతాజీ హిట్లర్‌ని కలిశాడు కదా?" కలిశారు, 1942 మేలో. బ్రిటిష్ వాళ్లమీద పోరాడటానికి సాయం అడగడానికి. భారతీయుల గురించి హిట్లర్ రాసిన అవమానకరమైన మాటల్ని నేతాజీ ఆ భేటీలోనే ఎత్తారు. నేతాజీని తిట్టాల్సిన పనీ లేదు, ఆ భేటీ చూపించి హిట్లర్‌ని మంచివాడిని చేయాల్సిన పనీ లేదు.

"స్వస్తిక్ మనది కదా?" మనదే, వేల ఏళ్ల నాటిది. వాళ్లు వాడింది తెల్లని గుండ్రంలో వాలుగా తిప్పిన నల్లది. రెండు వాక్యాల్లో ముగించండి, లేకపోతే పీరియడంతా ఇదే అవుతుంది.

వచ్చిందా లేదా ఎలా తెలుసుకోవాలి

తేదీలు అడిగితే ఏమీ తెలియదు, బట్టీ పట్టేస్తారు. నేను పెట్టే పరీక్ష చిన్నది: "హిట్లర్" అనే పేరు ఎక్కడా వాడకుండా హోలోకాస్ట్ ఎలా జరిగిందో ఎనిమిది వాక్యాల్లో రాయండి. మొదట పెన్ను కదలదు, తర్వాత గుమాస్తాలు, టీచర్లు, రైళ్లు, పక్కింటివాళ్లు రావడం మొదలవుతుంది. అలా వస్తే పాఠం వచ్చినట్టే. "ఒక దుర్మార్గుడు" అని పేరు మార్చి అదే రాస్తే రెండో మెట్టు మళ్లీ చేయించాలి.

దిద్దేటప్పుడు రెండు వాక్యాల కోసం ప్రత్యేకంగా చూడండి. ఒకటి, "యూదులు డబ్బున్నవాళ్లు కాబట్టి చంపారు" అనో, "యూదులు మోసం చేశారు కాబట్టి" అనో రాస్తారు. అంటే నాజీల ప్రచారాన్నే కారణంగా నేర్చుకున్నారన్నమాట, తప్పంతా పిల్లాడిది కాదు, కారణాలు అని హెడ్డింగ్ పెట్టి మనం వరసగా చెప్పిన తీరులోనే ఆ చిక్కుంది. అలా రాసినవాళ్లను మార్కులు తీసేసి వదలకండి, పిలిచి, మొదటి రోజు బోర్డు మీద రాసిన 12 వేల మంది సైనికుల సంగతి గుర్తుచేసి మాట్లాడండి. రెండోది, "చంపబడ్డారు", "తరలించబడ్డారు" అని ఎవరు చేశారో లేకుండా రాసిన వాక్యాలు. ప్రతిదాని పక్కనా ఎర్ర పెన్నుతో "ఎవరు?" అని రాసి తిరిగి ఇవ్వండి.

రెండు వారాల తర్వాత ఇంకో చిన్న పని. ఆ రోజు పేపర్లో వచ్చిన ఏదో ఒక వార్త, ఎక్కడో ఎవరినో ఊళ్లోంచి వెలేశారన్నదో, బడిలో పిల్లల్ని వేరుగా కూర్చోబెట్టారన్నదో చదివి వినిపించి, ఇది జరగడానికి ఎవరెవరు పని చేశారు అని అడగండి. ఇద్దరు ముగ్గురైనా జాబితా మొదలుపెడితే చాలు.

సిలబస్ ఒత్తిడిలో ఒక్క పీరియడే దొరికితే? చీటీల పని ముప్పై నిమిషాలు, లిలీ జాకబ్ ఫొటో పది, మిగతావి వదిలేయండి. ఫొటో ప్రింట్ లేకపోతే ఫోన్‌లో చూపించండి, అది కూడా కుదరకపోతే చీటీలే పూర్తిగా చేయించండి. డబ్బా మాత్రం వారం రోజులు కిటికీ దగ్గర ఉండనివ్వండి, కొందరు మూడో రోజుకి గానీ ప్రశ్న వేయరు.